ఎవరి నంబరు వాళ్ళే చెరుపుకోవాలి

మా లైనులో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ముందు తెలిసేది డాక్టరుకి కాదు, చర్చి గోడకి.

జంషెడ్‌పూర్ గోల్‌మురిలో మా క్వార్టర్ల వరస ఎక్కడ అయిపోతుందో అక్కడ ఉంటుంది ఆ తెలుగు చర్చి. చర్చి అనగానే గోపురం, గంట, రంగు అద్దాలు ఊహించుకోవద్దు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సైకిల్ స్టాండు దానికన్నా పెద్దది. రేకుల కప్పు, రెండు కిటికీలు, పది పన్నెండు బెంచీలు. ఆదివారం వచ్చేవాళ్ళు నలభై మందికి మించరు. వాన పడితే ఆ నలభై మందీ కారే గోడలకి దూరంగా జరిగి, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నంత పని చేస్తారు. కానీ ఆ చర్చి బయటి గోడకి ఒక నల్లబల్ల ఉంది. ఎక్కడో బడి మూసేస్తే తెచ్చి తగిలించారట. చర్చిలో సభ్యత్వం నలభై మందికే అయినా, ఆ నల్లబల్లలో మాత్రం లైనంతటికీ ఉండేది. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళకీ, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చినవాళ్ళకీ, ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళకైనా.

పద్ధతి ఇదీ. ఇంట్లో ఎవరైనా మంచం పడితే పాస్టరమ్మగారికి ఒక్క మాట చెబితే చాలు. ఆవిడ సుద్దముక్కతో ఆ ఇంటి క్వార్టరు నంబరు బల్ల మీద వేసేది. పేరు కాదు, నంబరే. పేరు రాస్తే కులం తెలిసిపోతుంది, కులం తెలిస్తే సగం మంది కాళ్ళు అక్కడే ఆగిపోతాయి, నంబరుకి ఆ జబ్బు లేదు అనేవారు పాస్టరుగారు. నంబరు పడిన సాయంత్రానికే చర్చి ఆడవాళ్ళు జావ క్యానుతో గుమ్మంలో ఉండేవారు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే సిస్టరమ్మ డ్యూటీ దిగి, నెత్తిమీద టోపీ తీయకుండానే వచ్చి నాడి చూసేది. రక్తం కావాలంటే బ్రహ్మచారుల మెస్సు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడుచుకుని బయల్దేరేవారు. ఊరికి టెలిగ్రాం ఇవ్వడం, పిల్లల్ని బడికి దింపడం ఎవరో ఒకరు చూసుకునేవారు. జావకి బియ్యం ఎక్కడివంటే, చర్చివాళ్ళు పూటపూటా అన్నం వండేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేవారు. వాళ్ళను చూసి మా అమ్మలాంటివాళ్ళూ వేసేవారు. వెయ్యకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అందుకే అందరూ వేసేవారు.

నంబరు చెరపడానికి మాత్రం ఒక కట్టుబాటు ఉంది. కోలుకున్న మనిషి తన కాళ్ళమీద నడిచివచ్చి, తన చేత్తో తన నంబరు చెరుపుకోవాలి. కోలుకోకపోతే పాస్టరుగారు చెరిపేవారు. మూడో దారి లేదు. కాబట్టి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు రోజూ సైకిలు నెమ్మది చేసి బల్లను చదివేవారు. నంబరు ఉంటే మనిషి ఉన్నట్టు. నంబరు పోయి, మనిషి కూడా బజార్లో కనిపించకపోతే, సాయంత్రం పూలదండ పట్టుకుని వెళ్ళాలన్నమాట. ఆ బల్ల ముందు ఎవరూ సైకిల్ బెల్లు కొట్టేవారు కాదు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు.

మా అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మా నలభయ్యో నంబరు పదిహేడు రోజులు ఆ బల్ల మీద ఉంది. పదిహేడు రోజులూ అమ్మకి జావ వచ్చింది, మాకు ధైర్యవచనాలు వచ్చాయి. లేచి తిరగగలిగిన రోజున అమ్మ కొత్త చీర కట్టుకుని, చెల్లి భుజం పట్టుకుని వెళ్ళి, కొంగుతో నలభైని తుడిచేసి, కుస్తీ గెలిచినదానిలా లైనంతా కలియజూసింది. అంతటితో ఊరుకోక చర్చి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. లోపలినుంచి పాస్టరుగారు కంగారుగా వచ్చి, చిప్పల్ని చూసి, అమ్మను చూసి, ఏమనాలో తోచక "సంతోషమమ్మా" అన్నారు. మర్నాడు వాళ్ళింట్లోంచి కొబ్బరిపచ్చడి తాలింపు వాసన వచ్చింది. సర్వమత సమానత్వం గురించి సభల్లో చాలా విన్నాను గానీ, వాసన తగిలింది ఆ ఒక్కసారే.

ఇంత మేలు చేసే బల్లంటే అందరికీ భయమే. నేను దాన్ని రిజల్టు బోర్డు అనేవాణ్ణి. నవ్వేవారు. ఆ రోజుల్లో నా మాటకి లైనంతా నవ్వేది.

మా ఎదురుగా ముప్పై ఒకటిలో ఉండే పెద్దాయన్ని నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళ ఊరికీ మా ఊరికీ మధ్య మూడే ఊళ్ళున్నాయి, జంషెడ్‌పూర్‌లో అది మేనమామ వరస కిందికే వస్తుంది. ఫ్యాక్టరీలో పైన పట్టాల మీద తిరిగే క్రేను నడిపేవాడు. ఏళ్ళ తరబడి మనుషుల్ని నడినెత్తి వైపునుంచే చూడటం వల్ల కాబోలు, ఎవర్నీ లక్ష్యపెట్టేవాడు కాదు. అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. ఒక్కతే కూతురు, గోవింద్‌పూర్‌లో కాపురం. షిఫ్టు దిగి వస్తూ చర్చి ముందు సైకిలాపి, అందరికీ వినపడేటట్టు అనేవాడు:

"జొరాలూ దగ్గులూ కిందుండేవోళ్ళకిరా. పైనున్నోడికేటొత్తాది? ఒంటిమీద సూది దిగనోణ్ణి నాను. నా నంబరు ఆ పలకమీద సూడాలంటే మీ పాస్టరు ఇంకోపాలి పుట్టాల."

ఆ చైత్రంలో నీళ్ళ ట్యాంకు వెనక నేను సిగరెట్టు కాలుస్తుంటే ఆయన పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకుంటే ఈ కథ లేదు. చెవి మెలేసి, ట్యాంకు దగ్గర్నుంచి మా గుమ్మం దాకా, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ మధ్యనుంచి నడిపించాడు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మెట్రిక్ రెండోసారికి గట్టెక్కి, అప్రెంటిస్ పరీక్ష ఫలితం కోసం చూస్తున్నాను. ఆ వయసులో చెవి అంటే చెవి కాదు, పరువు మొత్తం అక్కడే ఉంటుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. మావయ్య పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు, రెండింటికి దిగుతాడు. పాస్టరుగారింట్లో కంచాల చప్పుడు వినిపిస్తోంది. లైనులో కుక్క కూడా నీడ వదలి బయటికి రావడం లేదు. బల్ల మీద రెండే నంబర్లున్నాయి. పైన ఎనిమిది, పక్షవాతం ముసలమ్మది. దాని కింద యాభై రెండు, కామెర్ల మనిషిది. నేను సుద్దముక్క తీసి, అన్నిటికన్నా కింద, చక్కటి చేతిరాతతో ముప్పై ఒకటి వేశాను. పావు నిమిషం పని. చేతులు దులుపుకుని ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సాయంత్రం మా అరుగు మీద కూర్చున్నాను, నాటకానికి ముందువరసలో టిక్కెట్టు దొరికినవాడిలా. పాస్టరమ్మగారు, సిస్టరమ్మ, జావ క్యానుతో ఇంకొకావిడ వచ్చి ముప్పై ఒకటి తలుపు కొట్టారు. మావయ్య క్యాను లాక్కుని వీధిలో గిరాటేస్తాడని, పాస్టరుగారి జన్మ గురించి ఏదో అంటాడని నా అంచనా.

తలుపు తెరుచుకుంది. మావయ్య ముగ్గుర్నీ చూశాడు. క్యానును చూశాడు. చివరికి సిస్టరమ్మ మొహం దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"ఎవులు సెప్పేరు?" అన్నాడు. గొంతు నాకు సరిగ్గా వినపడలేదు. ఆయన గొంతు నాకు వినపడకపోవడం అదే మొదటిసారి.

"బోర్డు మీద నంబరుంది కదండీ. ఎలా ఉంది ఒంట్లో?" అంది సిస్టరమ్మ.

మావయ్య లోపలికెళ్ళి గిన్నె తెచ్చి పట్టాడు. పోసిన జావ అక్కడే నిలబడి మొత్తం తాగాడు. తర్వాత గిన్నె కడిగి బోర్లించి, తలుపేసుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. నాటకం బాగోలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్న సైరన్ కూసింది. ముప్పై ఒకటి ముందు సైకిలు కదలలేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాన్న చొక్కా విప్పుతూ అమ్మతో అంటుంటే అసలు సంగతి నాకు తెలిసింది.

"పది రోజుల కిందట మా అందరికీ గుండె ఫోటో తీసేరు కదా. ఆడికింకా రిపోర్టు రాలేదట. సిస్టరమ్మ ఆ ఆస్పత్రిలోనే కదా పన్చేత్తాది. ఏదో సూసేసుంటాది. మొగం మీద సెప్పలేక నంబరేయించేసింది."

"అయ్యో," అంది అమ్మ. "అందుకే అంత నెమ్మదిగా మాటాడిందావిడ. నాను నిన్ననే అనుకున్నాను."

ఎక్స్‌రే సంగతి నాకు తెలీదు. తెలిసుంటే ఇంకో నంబరు రాసేవాణ్ణేమో, అంతకన్నా మంచివాణ్ణని చెప్పలేను. కానీ మావయ్య మంచం ఎక్కాడు. రెండోరోజు ఫ్యాక్టరీనుంచి కబురొచ్చింది, ఎందుకు రాలేదని. "ఒంట్లో బాగులేదు" అని చెప్పి పంపాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట అనడం లైను వినలేదు. సిస్టరమ్మ రోజూ వచ్చి, నాడి చూసి, "మీకేం లేదండీ, దుక్కలా ఉన్నారు" అనేది. ఏమీ లేదని నర్సు రోజూ వచ్చి చెబుతోందంటే ఏదో ఉన్నట్టే కదా అని లైను తీర్మానించింది. ఏమీ లేనివాళ్ళకి ఏమీ లేదని ఎవరు చెబుతారు?

మూడోరోజు చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు బెంచీ కాలుకి మేకు కొడుతున్నారు. పాస్టరమ్మగారు బియ్యం ఏరుతోంది. చెప్పేశాను. చెబుతూ ఒకటి రెండు చోట్ల నవ్వించబోయాను కూడా, అలవాటు చొప్పున. సుత్తి ఆగింది.

"చెరిపేస్తాను అయ్యగారూ. ఇప్పుడే."

"నువ్వు చెరిపితే?" అన్నారు పాస్టరుగారు. "నంబరు ఉండదు. ఆయన బయటికి రాడు. లైనులో వాళ్ళు ఏమనుకుంటారు?"

అప్పటిదాకా నాకది తట్టలేదు. రాయడానికి పావు నిమిషం పట్టింది. చెరపడం ఈ భూమ్మీద ఒక్క మనిషి వల్లే అవుతుంది, ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీరు చెప్పండి అయ్యగారూ, పొరపాటని."

"ఆదివారం చెబుతాను. అంతకన్నా ముందు నువ్వెళ్ళి ఆయనతో చెప్పాలి."

పాస్టరమ్మగారు చేటలోంచి తలెత్తకుండా అంది. "రెండిళ్ళ బియ్యంతో మూడిళ్ళకి కాస్తన్నాను బాబూ. పిడికిళ్ళు పెరగలేదు, నీళ్ళే పెరిగేయి. ఎనిమిదో నంబరు మామ్మ నిన్న అడిగింది, జావ పలచబడిపోయిందేటమ్మా అని."

ఆవిడ తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేసి బయటపడేవాణ్ణి. తిట్టలేదు. రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రమే ముప్పై ఒకటిలోకి వెళ్ళాను. మంచం తలుపుకి ఎదురుగా మార్చుకున్నాడు మావయ్య. వచ్చేవాళ్ళు కనపడాలట. మూడు రోజుల గడ్డం. గోడ మీద అత్తయ్య ఫోటో, దాని పక్కన కొత్తగా కొట్టిన మేకు ఒకటి, ఖాళీగా. ఆ మేకు ఎవరి ఫోటో కోసమో నేను అడగలేదు.

"మావయ్యా, నీ నంబరు నేను రాశాను. తమాషాకి. నీకేం లేదు. సచ్చీ, నిజంగా."

కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా విన్నాడు. సిగరెట్టు, చెవి, మధ్యాహ్నం, సుద్దముక్క.

"మీ యమ్మ పంపిందేట్రా?"

"అమ్మకి తెలీదు మావయ్యా. ఒట్టు."

"సర్లే. ఆ గూట్లో ట్రాన్సిస్టరుంది సూడు. అట్టుకెల్లు. మీ నాన్న నీకు కొనడు."

"నాకొద్దు మావయ్యా."

"అట్టుకెల్లమన్నాను. నాకింక వార్తలెందుకు?"

ఈ లోకంలో నేరం ఒప్పుకున్నందుకు రేడియో బహుమానంగా పొందినవాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. ఇంటికి తెచ్చి పెట్టాను. వేయలేదు.

ఆదివారం పాస్టరుగారు ప్రార్థన అయ్యాక బయటికొచ్చి, మెట్టు మీద నిలబడి, ముప్పై ఒకటో నంబరు పొరపాటున పడిందని, అక్కడ ఎవరికీ జబ్బు లేదని, లైనంతటికీ వినపడేలా చెప్పారు. నా పేరు చెప్పలేదు. సాయంత్రానికి ఆ ప్రకటన మా అరుగు మీదికి ఇలా చేరింది: "పాపం, ఎంత మంచోడో పాస్టరు. ఆడి గుండె సెదిరిపోతాదని దేవుడి గుమ్మంలో నిలబడి అబద్దమాడేడు." నేనే రాశానని నలుగురితో చెప్పాను. నలుగురూ నవ్వారు. అందులో ఒకాయన కళ్ళు తుడుచుకుని, "నువ్వు గట్టోడివిరా, ఇలాటప్పుడు కూడా నవ్విత్తావు" అన్నాడు.

రెండో వారానికి మావయ్య చెంపలు లోపలికి పోయాయి. ఏమీ లేని మనిషికి నిజంగా ఏదో అవుతోంది, అది మా కళ్ళముందే అవుతోంది. గోవింద్‌పూర్ నుంచి కూతురు వచ్చి కూర్చుంది. వండి పెడుతుంది, ఆయన రెండు మెతుకులు కొరికి కంచం జరుపుతాడు. చర్చి జావ ఒక్కటే తాగుతాడు, అదీ మందులా. గొడుగు ఒకరికిచ్చాడు, టార్చి ఒకరికిచ్చాడు. సైకిలు ఎవరికివ్వాలో తేల్చుకోలేక దానివైపే చూస్తూ పడుకునేవాడు. వెనక చక్రంలో గాలి పోయి రిమ్ము నేలకి ఆనింది. సిస్టరమ్మ రిపోర్టు కోసం రోజూ వెళ్ళి అడుగుతోంది. ఫోటోలు చదివే పెద్ద డాక్టరు కూతురి పెళ్ళికని ఊరెళ్ళాడట. ఒకరోజు సిస్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "బరువు నాలుగు కేజీలు తగ్గారు. ఇలాగే ఉంటే నువ్వు రాసింది నిజమవుద్ది" అంది. ఆవిడకి తమాషాగా మాట్లాడే అలవాటు లేదు.

పొద్దున్నే లేవగానే ముందు చర్చి గోడ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ముప్పై ఒకటి ఉండేది. ఊపిరి పీల్చుకునేవాణ్ణి. నేను చెరిపేద్దామనుకున్న నంబరుకి నేనే కాపలా.

వైశాఖంలో ఒక సాయంత్రం, నాలుగు దాటిందేమో, పడమట ఆకాశం పొయ్యిమీది మూకుడు అడుగులా నల్లబడింది. మాకు ఎండాకాలంలో అలాంటి గాలివాన మామూలే. ముందు దుమ్ము, తర్వాత రేకుల మీద వడగళ్ళు. పావుగంటలో ఆరిపోతుంది. ఆ పావుగంటా నేను బజార్లో ఒక కొట్టు చూరు కింద ఇరుక్కుపోయాను. వాన సన్నబడగానే ఒకటే పరుగు.

బల్లకి పైన చిన్న చూరుంది. దాని చలవతో ఎనిమిది అలాగే ఉంది. యాభై రెండు సగం కారింది, అయినా చదవొచ్చు. కింద, నేను రాసినచోట, నల్లగా నిగనిగలాడుతూ నీళ్ళు. ముప్పై ఒకటి లేదు.

సుద్దముక్క తీసి రాయబోయాను. తడి బల్ల మీద సుద్ద రాయదు. ఎంత నొక్కినా గీత పడలేదు, సుద్ద మెత్తబడి వేళ్ళకి అంటుకుంది. చొక్కాతో తుడిచి మళ్ళీ రాశాను. చొక్కా అంతకన్నా తడిగా ఉంది. వెనక రోడ్డు మీద ఒక సైకిలు నెమ్మదించింది. ఆగింది. నేను తిరిగి చూసేసరికి, సైకిలు మీదాయన బల్లను చూసి, నన్ను చూసి, నెత్తిమీద కప్పుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లేదు భయ్యా, వానకి పోయింది" అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మకం కలిగినప్పుడు ఊపే ఊపు కాదది.

నేను ఇల్లు చేరేలోపే కబురు నాకన్నా ముందు చేరింది. మలుపులో ఉండే పెద్దావిడ ఏడుపు ఎత్తుకుంది. ఆవిడ లేనిదే మా లైనులో ఏ శవమూ లేవదు. క్రేను దగ్గర పనిచేసే ఇద్దరు బజారు వైపునుంచి వస్తున్నారు, చేతిలో బంతిపూల దండ, ఆకుల్లో చుట్టి. తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని బయటికొస్తున్నారు. అందరూ ముప్పై ఒకటి వైపే.

ముప్పై ఒకటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల, తలుపుకి ఎదురుగా వేసిన మంచం మీద, గోడకి చేరగిలబడి, మావయ్య కూర్చుని ఉన్నాడు. తన చావుకి వస్తున్న జనాన్ని ఒక్కొక్కరినే చూస్తున్నాడు. కూతురు వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది.

ఏడుపు మొదట్లో ఆగలేదు. ముందువరస ఆగింది, వెనకవాళ్ళకి తెలీక ఏడుస్తూనే ఉన్నారు. తర్వాత అదీ ఆగింది. దండ పట్టుకున్నవాడు దాన్ని వీపు వెనక్కి దాచబోయాడు. ఒక పువ్వు రాలి మావయ్య గుమ్మంలో పడింది.

నాలాంటివాడు ఒక మాట అనవలసిన చోటది. లైనంతా దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు నావైపు చూసింది. నేను సుద్ద అంటిన వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాను.

"పలక మీద తుడిసేసేరేటి?" అన్నాడు మావయ్య.

"వాన మావయ్యా. వానకి పోయింది."

ఆయన మంచం కోడు పట్టుకుని లేచాడు. కూతురు పట్టుకోబోతే చేత్తో తోసేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, గుమ్మంలో రాలిన పువ్వు దాటుకుని వీధిలోకి దిగాడు. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆయన ముందు, వెనక లైనంతా, బురదలో. ఊరేగింపుకి కావలసినవన్నీ ఉన్నాయి, దండతో సహా. మోసేవాళ్ళకే పని లేకుండా పోయింది.

చర్చి ముందు పాస్టరుగారు, పాస్టరమ్మగారు బయటికొచ్చి నిలబడ్డారు. మావయ్య బల్ల ముందు నిలబడి, భుజం మీది తువ్వాలుతో కింది భాగం ఒత్తి ఒత్తి తుడిచాడు. ఆరేదాకా నోటితో ఊదాడు. మధ్యలో దగ్గు వస్తే ఆగాడు. లైనంతా ఆ దగ్గు విన్నది.

"రాయి" అన్నాడు.

"మావయ్యా..."

"రాయరా. మొదలు రాసినోడివి నువ్వే కదా."

రాశాను. ముప్పై ఒకటి. ఆయన దాన్ని, అచ్చులో తప్పులు వెతికేవాడిలా, దగ్గరగా వంగి చూశాడు.

"నా తలుపు మీద నంబరేసింది ఎవుడ్రా? నువ్వే. దసరాకి రంగు డబ్బా, కుంచె అట్టుకొని లైనంతా రాసేవు. ఈ మూడుకి పొట్ట ఇలాగే ఎడతావు నువ్వు. జావొచ్చిన్నాడే, సీకటడకముందు ఓపాలి వొచ్చి సూసుకున్నాను. నువ్వే రాసేవని నాకు తెల్సు."

"తెలిస్తే మరి ఎందుకు పడుకున్నావు మావయ్యా?" నా గొంతు నాకే చిన్నపిల్లాడిదిలా వినిపించింది.

"నువ్వు రాసేవు, సరే. లైనులో అరవై నంబర్లుంటే నాదే ఎందుకు రాసేవు? ఫోటో తీసిన పది రోజులకే ఎందుకు రాసేవు? నీ సేత ఎవుడు రాయించేడని నా బయ్యం."

చెవి మెలేశావు కనక రాశాను అనాలి. అది నిజం కూడా. కానీ అక్కడ, అంతమంది మధ్య, ఆ తడి గోడ ముందు, నేను చెప్పబోయే కారణం నాకే చాలనిపించలేదు.

మావయ్య కుడి అరచెయ్యి ఎత్తి, బల్లకి ఆనించి, ముప్పై ఒకటి మీదుగా ఒక్కసారి కిందికి లాగాడు. ఇంకోసారి లాగాడు. చెయ్యి తీసి అరచేతిలో తెల్లదనం చూసుకున్నాడు. లుంగీకి తుడుచుకోలేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఇంటికి నడిచాడు. పాస్టరమ్మగారు క్యాను తేబోతే, "ఒద్దమ్మా, ఆ ఎనిమిదో నంబరు ముసిల్దానికి సిక్కగా పొయ్యండి" అన్నాడు.

మూడోరోజు పొద్దున్న సైరన్‌కి సైకిలు కదిలింది. ఇంకో వారానికి సిస్టరమ్మ రిపోర్టు తెచ్చి గుమ్మంలో నిలబడి చదివింది. ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఆయన వేరెవరి సంగతో వింటున్నట్టు విని, "అలాగా" అన్నాడు. రేడియో తిరిగివ్వడానికి వెళ్తే పుచ్చుకోలేదు.

"ఉంచుకో. పోయినోడి సామాను వెనక్కి తీసుకోకూడదు."

"నువ్వు పోలేదు కదా మావయ్యా."

"దండొచ్చింది కదరా" అన్నాడు.

ఇది జరిగి నాలుగేళ్ళు. పాస్టరుగారు ఆ వారమే నన్ను పిలిచి, చేతిరాత బాగుందంటూ సుద్దముక్క చేతిలో పెట్టారు. శిక్షో ఉద్యోగమో చెప్పలేదు. అప్పట్నుంచి బల్ల మీద నంబర్లు నేనే వేస్తున్నాను. ఇళ్ళవాళ్ళు పాస్టరమ్మగారికి చెబుతారు, ఆవిడ నాకు చెబుతుంది, నేను రెండుసార్లు అడిగి రాస్తాను. మా అమ్మ డబ్బాలో రెండు పిడికిళ్ళు వేస్తోంది, ఒకటి నా పేరు మీద. అప్రెంటిస్ అయింది, ఫ్యాక్టరీ షాపులో పనీ దొరికింది. నేను జోకులు వేయడం మానలేదు. కానీ లైనులో నా జోకులకి ఇప్పుడు కాస్త తొందరగా నవ్వుతున్నారు, నేను పూర్తి చెయ్యకముందే. పని మీద ఎవరి తలుపైనా కొడితే, నేను నోరు తెరవకముందే లోపలినుంచి వినిపిస్తుంది: "మేం అందరం బాగున్నాం బాబూ." వాళ్ళు మాట్లాడేది నాతో కాదు, నా వేళ్ళతో.

మావయ్య ఇంకా క్రేను ఎక్కుతున్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు. శనివారం షిఫ్టు దిగి వస్తూ, నేను వెలిసిన నంబర్లు దిద్దే వేళకి సరిగ్గా వచ్చి, ఒక కాలు నేలకి ఆనించి, బల్లను పైనుంచి కిందిదాకా చదువుతాడు.

"ఈ వారం నాది లేదేట్రా?"

"లేదు మావయ్యా."

"సరిగ్గా సూసేవా?"

"చూశాను."

ఆయన నవ్వడు. నేనూ నవ్వను. బెల్లు కొట్టకుండా వెళ్ళిపోతాడు. బల్ల అడుగున, ఆయన అరచెయ్యి ఆనిన చోట, ఇప్పటిదాకా నేను ఏ నంబరూ వేయలేదు. నంబర్లు ఎక్కువై బల్ల నిండిపోయిన వారం, పక్కన గోడ మీద రాస్తున్నాను.